నోడ్‌పోర్టా, లోడ్‌బ్యాలెన్సరా, ఇన్‌గ్రెస్సా: మూడు పాత మెషీన్లకు ఏది మేలు?

"ఏటి బాబూ, చివర ఈ 31847 ఏటి? ఫోన్ నంబరా?" అని ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐస్ ఫ్యాక్టరీ నడిపే పెద్దాయన అడిగారు. ఆయన ఆర్డర్లు రాసుకునే యాప్ మేం చేసిందే. మధురవాడలో మా ఆఫీసులోని మూడు పాత మెషీన్ల మీద, కుబర్నెటిస్ క్లస్టర్‌లో నడుస్తోంది. కుబర్నెటిస్ అంటే చాలా మెషీన్లను ఒక జట్టుగా (క్లస్టర్) కట్టి వాటి మీద యాప్‌లు నడిపే సాఫ్ట్‌వేర్, జట్టులోని ఒక్కో మెషీన్ ఒక నోడ్. అడ్రస్ చీటీ మీద రాసిచ్చింది నేనే. పోర్ట్ నంబర్ అండీ అన్నాను. విశాఖలో పోర్ట్ అంటే ఓడలొచ్చే చోటు కదా, ఆయన నన్ను అదోలా చూశారు.

కుబర్నెటిస్‌లో యాప్ కాపీ నడిచే పెట్టెను పాడ్ అంటారు. పాడ్ పోయి కొత్తది వస్తే దాని ఐపీ (నెట్‌వర్క్ అడ్రస్) మారిపోతుంది. అందుకే పాడ్ల ముందు, మారని అడ్రస్‌తో ఉండే సర్వీస్ పెడతాం. రకం చెప్పకపోతే అది క్లస్టర్‌ఐపీ అవుతుంది, క్లస్టర్ లోపలివాళ్లకే అందుతుంది. డేటాబేస్‌కు అది చాలు, అంతకు మించి తెరవకూడదు కూడా. బయటివాళ్లు రావాలన్నప్పుడే తలనొప్పి మొదలు.

నోడ్‌పోర్ట్ సులువు. సర్వీస్ ఫైల్లో ఒక్క లైను మారిస్తే 30000 నుంచి 32767 మధ్యలో ఒక పోర్ట్ అన్ని నోడ్‌ల మీదా తెరుచుకుంటుంది. ఏ నోడ్‌ను తట్టినా పని జరుగుతుంది, పాడ్ వేరే నోడ్‌లో ఉన్నా సరే. వినడానికి బ్రహ్మాండం. మేం చేసిన తప్పేమిటంటే, రౌటర్‌లో ఆ పోర్ట్‌ను మొదటి మెషీన్‌కే మళ్లించాం. ఒక రోజు కరెంటు పోయి వచ్చాక మొదటి మెషీన్ లేవలేదు. మిగతా రెండూ నిక్షేపంగా ఉన్నాయి, వాటి మీదా 31847 తెరిచే ఉంది, యాప్ రెండో కాపీ మూడో మెషీన్‌లో నడుస్తూనే ఉంది. కానీ రౌటర్ మాత్రం చచ్చిన మెషీన్ తలుపే కొడుతోంది. వేటకెళ్లే బోట్లకు ఐస్ నింపే వేళది. ఆ టెన్షన్ ఇక్కడ రాయడం అనవసరం. డెమోకు, టెస్టింగ్‌కు నోడ్‌పోర్ట్ చాలు. కస్టమర్‌కు ఇచ్చే అడ్రస్ మాత్రం ఒక నోడ్‌కు కట్టేసి ఉండకూడదు.

సరే, బయటికి ఒకే అడ్రస్ చూపించి వచ్చినదాన్ని లోపలికి పంచే లోడ్‌బ్యాలెన్సర్ పెడదామని సర్వీస్ రకం మార్చాను. క్లస్టర్ క్లౌడ్‌లో ఉంటే కాసేపట్లో బయటి అడ్రస్ వచ్చేస్తుంది, ఆ పని క్లౌడ్ కంపెనీ చూసుకుంటుంది. ఒక్కో సర్వీస్‌కు ఒక్కో బ్యాలెన్సర్ పెట్టుకుంటూ పోతే బిల్లూ అలాగే పెరుగుతుంది, అది వేరే కథ. సొంత మెషీన్ల మీద ఆ అడ్రస్ ఇచ్చే నాథుడు లేడు. సర్వీసుల లిస్టు తీస్తే ఎక్స్‌టర్నల్ ఐపీ గడిలో 'పెండింగ్' అని ఉంది. టీ తాగొచ్చి చూశా, పెండింగే. అది ఎర్రర్ కాదు, అడిగినదాన్ని ఇచ్చేవాళ్లు లేరని అర్థం.

ఆ లోటు తీర్చేది మెటల్‌ఎల్‌బీ అనే సాఫ్ట్‌వేర్. కొన్ని ఐపీలు దాని చేతిలో పెడితే సర్వీసులకు పంచుతుంది. లేయర్ 2 పద్ధతిలో ఒక నోడ్ "ఈ ఐపీ నాదే" అని లోకల్ నెట్‌వర్క్‌లో చెప్పుకుంటుంది, అది పడిపోతే ఇంకో నోడ్ ఆ మాట అందుకుంటుంది. మాకు కావలసింది అదే. పేరులో బ్యాలెన్సర్ అని ఉన్నా, ఈ పద్ధతిలో ఒక ఐపీకి వచ్చే ట్రాఫిక్ అంతా ముందు ఒకే నోడ్‌లోకి దిగుతుందని మాత్రం మరవొద్దు. ఇంకొకటి: దానికిచ్చే ఐపీలు, రౌటర్ తనంతట తానే పరికరాలకు పంచే (డీహెచ్‌సీపీ) వరసలో ఉండకూడదు. మా దగ్గర ఒక ఐపీని ప్రింటర్ ఎగరేసుకుపోయింది, మధ్యాహ్నం దాకా పట్టుకోలేకపోయాం.

ఇన్‌గ్రెస్‌ను నోడ్‌పోర్ట్, లోడ్‌బ్యాలెన్సర్‌లతో పోటీ పెట్టడం నిజానికి సరికాదు. అది సర్వీస్ రకం కాదు. అడిగిన డొమైన్ పేరు, దాని తర్వాత వచ్చే దారి (పాత్) చూసి ఏ సర్వీస్‌కు పంపాలో చెప్పే రూల్స్ అవి. వాటిని అమలు చేయడానికి కంట్రోలర్ అనే ప్రోగ్రామ్ ఉండాలి, ఆ కంట్రోలర్‌ను బయటికి తేవడానికి మళ్లీ లోడ్‌బ్యాలెన్సరో నోడ్‌పోర్టో కావాలి. లాభం ఎక్కడంటే, ఒక్క ఐపీ వెనక ఎన్ని యాప్‌లైనా పేర్లతో పెట్టుకోవచ్చు, సర్టిఫికెట్లు ఒకే చోట చూసుకోవచ్చు. కాకపోతే వెబ్ వాడే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్‌లకే పనికొస్తుంది. ఐస్ గదుల టెంపరేచర్ సెన్సర్లు ఎంక్యూటీటీ అనే వేరే పద్ధతిలో మాట్లాడతాయి, వాటికి విడిగా ఒక లోడ్‌బ్యాలెన్సర్ ఐపీ ఇవ్వక తప్పలేదు.

కంట్రోలర్ ఎంచుకునేటప్పుడు పాత ట్యుటోరియల్స్ చూసి ఇన్‌గ్రెస్ ఎన్‌జింక్స్ పెట్టేయకండి. ఆ ప్రాజెక్టును ఆపేస్తున్నామని 2025 నవంబర్‌లోనే ప్రకటించారు, మెయింటెనెన్స్‌కు 2026 మార్చి గడువు పెట్టారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఇన్‌గ్రెస్ తర్వాతి తరంగా వచ్చి 2023లో స్థిరపడిన గేట్‌వే ఏపీఐ రూల్స్ వైపు చూడడమే మంచిది. మేం ట్రాఫిక్ (Traefik) అనే కంట్రోలర్‌తో వెళ్లాం, అది ఇన్‌గ్రెస్, గేట్‌వే ఏపీఐ రెండు రకాల రూల్సూ చదువుతుంది.

కాబట్టి మాలాంటి చిన్న క్లస్టర్‌కు నా ఓటు: యాప్‌లన్నీ క్లస్టర్‌ఐపీ, వాటి ముందు ఒక Traefik కంట్రోలర్, దానికి మెటల్‌ఎల్‌బీ ఇచ్చిన ఒక ఐపీ, రౌటర్‌లో హెచ్‌టీటీపీఎస్ వాడే 443 పోర్ట్‌ను ఆ ఐపీకి మళ్లించడం. ఒకే యాప్, ఒకే మెషీన్ అయితే ఇంత హంగామా వద్దు, నోడ్‌పోర్ట్‌తో కానిచ్చేయండి.

పెద్దాయనకు ఇప్పుడు అంకెల్లేని అడ్రస్ ఇచ్చాం. కానీ నేను రాసిచ్చిన పాత చీటీ ఆయన కౌంటర్ అద్దం కింద అలాగే ఉంది, గుమస్తా అదే చూసి టైప్ చేస్తున్నాడు. అందుకని 31847ను ఇంకా మూయలేదు.