సింగపూర్ యూనివర్సల్ వీకెండ్ ప్యాకేజీ: టికెట్ మీద తేదీ చూడకుండా డబ్బు కట్టకండి

శని, ఆదివారాల్లో సింగపూర్ వెళ్లి యూనివర్సల్ స్టూడియోస్ చూసి వచ్చేద్దామని ఏ ఏజెంటుతోనైనా ప్యాకేజీ మాట్లాడుతున్నారా? డబ్బు పంపే ముందు ఇది పూర్తిగా చదవండి. "పార్కు ఎంట్రీ ప్యాకేజీలోనే ఉంది" అంటూ వాళ్లు పంపే కాగితం టికెట్ కాకపోవచ్చు.

మా ఏజెంటుతో మేము మాట్లాడుకున్నది స్పష్టంగానే ఉంది. శుక్రవారం రాత్రి విమానం, శనివారం పొద్దున్నే దిగడం, ఆ రోజంతా పార్కు, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. క్యూలో ఎక్కువసేపు నిలబడకుండా ఎక్స్‌ప్రెస్ పాస్ కూడా ఇస్తామని దానికి వేరే డబ్బు తీసుకున్నారు. మొత్తం కట్టించుకున్నాక వాళ్ల లెటర్‌హెడ్ మీద ఒక పీడీఎఫ్ పంపారు. అందులో మా పేర్లు, బుకింగ్ నంబరు, పార్కు ఎంట్రీ ఇచ్చామని ఒక లైను, అంతే. అసలు టికెట్లేవని అడిగితే "బయల్దేరే ముందు వస్తాయి సార్, అందరికీ అలాగే ఇస్తాం" అన్నారు. చివరికి శుక్రవారం సాయంత్రం, మేము ఎయిర్‌పోర్టుకి బయల్దేరుతుంటే వచ్చాయి. అవీ పూర్తి టికెట్లు కావు, వాటిలోంచి క్యూఆర్ కోడ్ వరకు కత్తిరించి పంపిన బొమ్మలు. తేదీ ఎక్కడా కనపడదు.

శనివారం గేటు దగ్గర ఆ కోడ్‌లు చెల్లలేదు. టికెట్లు ఆదివారం తేదీకి కొన్నారట. అక్కడి సిబ్బంది ఓపిగ్గానే చెప్పారు: ఏ తేదీకి కొన్న టికెట్ ఆ తేదీకే, మార్చాలంటే అమ్మినవాళ్లనే అడగాలి. ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. సాయంత్రానికి వాట్సాప్‌లో "శనివారానికి దొరకలేదు, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అని జవాబు వచ్చింది. మేము గేటు దగ్గర నిలబడ్డ సమయానికి పార్కు సొంత వెబ్‌సైట్‌లో శనివారం టికెట్లు అమ్ముతూనే ఉన్నారు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. ఆలస్యం జరిగితే అర్థం చేసుకోవచ్చు. ఇది పచ్చి అబద్ధం.

వీకెండ్ ప్రయాణంలో ఇది ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. వారం రోజుల ట్రిప్ అయితే తేదీ తప్పినా మర్నాడు చూసుకోవచ్చు. ఇక్కడ ఉన్నదే రెండు రోజులు, రెండోరోజు సాయంత్రానికి విమానం. సామాను, హోటల్ ఖాళీ చేయడం, చాంగీ ఎయిర్‌పోర్టుకి ముందుగా చేరడం, ఇవన్నీ తీసేస్తే ఆదివారం పార్కుకి మిగిలింది కొద్ది గంటలే. ఆ కొద్దిలోనూ ఉరుములు, మెరుపులతో వాన పడి బయట ఉండే రైడ్లు ఆపేశారు. వాన ఏజెంటు తప్పు కాదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకుంటాను. సింగపూర్‌లో ఏడాది పొడవునా ఇలాంటి వానలు మామూలే, మెరుపులున్నప్పుడు రోలర్ కోస్టర్లు ఆపడం భద్రత కోసమే. అందుకే పార్కుకి మొదటిరోజు పూర్తిగా కావాలని ముందే పట్టుబట్టాం.

ఎక్స్‌ప్రెస్ పాస్ సంగతి వేరే చెప్పాలి. "ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు" అని మాకు అమ్మారు. అక్కడ రెండు రకాలున్నాయి: మామూలు ఎక్స్‌ప్రెస్‌తో ఒక్కో రైడ్‌కి ఒక్కసారే ముందు వరుసలోంచి వెళ్లొచ్చు, ఎన్నిసార్లయినా వెళ్లాలంటే అన్‌లిమిటెడ్ కొనాలి, దాని ధర వేరు. మా చేతికిచ్చింది మొదటిది. పైగా పిల్లల ఎత్తు ఎవరూ అడగలేదు. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా అనే రోలర్ కోస్టర్‌కి కనీసం 125 సెంటీమీటర్లు, రివెంజ్ ఆఫ్ ద మమ్మీ కోస్టర్‌కి 122 ఉండాలి. మావాడు ఆ ఎత్తుకి రాలేదు. వాడు ఎక్కలేని రైడ్లకి కూడా పాస్ అంటగట్టి డబ్బు తీసుకున్నారు. వాడు ఆ కోస్టర్ ముందు నిలబడి పైకి చూస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

బిల్లులో "ఎంట్రీ ఫారం ఛార్జీ" అని తలకింత వేశారు. సింగపూర్ వెళ్లేవాళ్లు నింపాల్సిన ఎస్‌జీ అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. అక్కడి ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనో వాళ్ల యాప్‌లోనో, దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి మనమే నింపుకోవచ్చు. అది వీసా కాదు, వీసా కావాల్సినవాళ్లు అది వేరే తీసుకోవాలి. దీనికి డబ్బు అడిగే నకిలీ సైట్లు కూడా ఉన్నాయి, జాగ్రత్త. పార్కు ఉన్నది సెంటోసా దీవిలో. "సెంటోసా ప్రవేశ రుసుము" అని ఇంకో లైను ఉంటే దాన్నీ ప్రశ్నించండి. వివోసిటీ మాల్ పక్కనున్న బోర్డ్‌వాక్ మీదుగా నడిచి వెళ్తే దీవిలోకి ఏమీ కట్టక్కర్లేదు.

మీరు బుక్ చేసుకుంటుంటే ఏజెంటుని పూర్తి టికెట్ పీడీఎఫ్ అడగండి. తేదీ, ఎక్స్‌ప్రెస్ రకం, పెద్దలా పిల్లలా అన్నది అందులో కనపడాలి. అది రాకుండా మిగతా సొమ్ము ఇవ్వకండి. ఇంకా మంచిది, విమానం, హోటల్ ఎవరి దగ్గర కొన్నా పార్కు టికెట్ మాత్రం దాన్ని నడిపే రిసార్ట్స్ వరల్డ్ సెంటోసా వెబ్‌సైట్‌లో మీరే కొనుక్కోండి. ఆ రోజు పార్కు ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకో, ఏ రైడ్ మరమ్మతులో ఉందో అక్కడే చూడొచ్చు. హాలోవీన్ సీజన్‌లో వెళ్తుంటే ఇది తప్పనిసరి: హారర్ నైట్స్ అనే రాత్రి కార్యక్రమం ఉన్న రోజుల్లో పార్కు పగటి సందర్శకులకి త్వరగా మూసేస్తారు, ఆ కార్యక్రమానికి వేరే టికెట్.

డబ్బు కార్డు మీదే కట్టండి. "ట్రాన్స్‌ఫర్ చేస్తే కొంత తగ్గిస్తాం" అని మమ్మల్నీ అడిగారు, అందుకని కొంత అలా, కొంత క్రెడిట్ కార్డుతో వెళ్లింది. కార్డుతో కట్టినదాని మీద, చెప్పిన సేవ అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. కొటేషన్, వాట్సాప్ మాటలు, గేటు దగ్గర తీసిన స్క్రీన్‌షాట్ అన్నీ జతచేశాను. ట్రాన్స్‌ఫర్ చేసిన సొమ్ముకి ఆ దారి లేదు. ఏజెంటు ఇప్పటికి అరైవల్ కార్డు పేరుతో తీసుకున్నది మాత్రం వెనక్కిచ్చాడు. ఫిర్యాదు మానేస్తే టికెట్ల డబ్బులో సగం ఇస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు. బ్యాంకు ఏం తేల్చిందో తెలియగానే రాస్తాను.