తలకు దెబ్బ తగిలిందని ఓపీ చీటీలో రాయించుకోండి, జాగ్రత్త

ఇంట్లో స్టెంట్ వేయించుకుని, రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లుంటే దయచేసి ఇది చదవండి.

మా నాన్నగారికి 71 ఏళ్లు. బాత్రూంలో జారిపడితే తల వెనక బొప్పి కట్టింది. రెండు రోజుల్లో తగ్గిపోయింది, మేమూ మర్చిపోయాం. మూడు వారాలకు తలనొప్పి మొదలైంది. మా ఊళ్లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. పడ్డ సంగతీ, మాత్రల సంగతీ అమ్మ రెండుసార్లు చెప్పింది. డాక్టరుగారు బీపీ చూసి, "వయసు కదమ్మా, టెన్షన్ పెట్టుకోవద్దనండి" అని నొప్పి మాత్రలు రాశారు. నాలుగు రోజులకు కాలు ఈడుస్తున్నారని మళ్లీ వెళ్తే, నరాల బలహీనతని విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. సీటీ తీయిద్దామా అని నేనే అడిగాను. అక్కర్లేదన్నారు.

ఆ ఆదివారం తెల్లవారుజామున నాన్న ఎంత లేపినా లేవలేదు. హైదరాబాద్‌లో సీటీ తీస్తే, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం చేరి మెదడును పక్కకు నెట్టేసింది. సబ్‌డ్యూరల్ హెమటోమా అంటారు. పెద్ద వయసులో మెదడు కాస్త కుంచించుకుపోవడం వల్ల లోపల ఖాళీ పెరుగుతుంది. అందుకే రక్తం వారాల తరబడి మెల్లగా చేరినా వెంటనే బయటపడదు. పుర్రెకు రంధ్రాలు చేసి తీశారు. నాన్న బతికారు, కానీ ఇప్పటికీ కుడిచేత్తో అన్నం కలుపుకోలేరు.

ఆస్పత్రి మీద కేసు వేద్దామని వెళ్తే, లాయరుగారు మొదట అడిగింది ఓపీ చీటీలే. రెండింట్లోనూ 'తలనొప్పి, బీపీ' అని మాత్రమే ఉంది. పడ్డారన్న ముక్కే లేదు. అమ్మ అన్నిసార్లు చెప్పిన మాటకు కాగితం మీద చోటు దొరకలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయితే జబ్బు కనిపెట్టలేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. ఆ లక్షణాలు చూసి మామూలు నైపుణ్యం ఉన్న డాక్టరైనా స్కాన్ రాసేవారా అన్నదే ప్రశ్న. అది రుజువు చేయాల్సింది మనమే. మలేరియాను టైఫాయిడ్ అనుకుని వైద్యం చేసిన వి. కిషన్‌రావు కేసు మన హైదరాబాద్‌దే. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో అందులోనే తీర్పొచ్చింది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. కేస్ షీటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. నోటితో కాదు, రాతపూర్వకంగా అడిగి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఇంట్లో ఎవరైనా పడి తలకు దెబ్బ తగిలితే, నెల దాటినా సరే, డాక్టరుకు చెప్పండి. చీటీ చేతికి రాగానే అక్కడే చదవండి. పడ్డారనీ, ఫలానా మాత్రలు వాడుతున్నారనీ అందులో లేకపోతే, రాసిచ్చేదాకా ఆ గదిలోంచి కదలకండి.