పాటలో పై స్థాయి అందాలంటే రన్నింగా, ‘ఆ’ అంటూ పాడే అకార సాధనా? ఏది మేలు?

మా విజయనగరంలో పాట నేర్చుకునేవాళ్లు ఇద్దరు కలిస్తే ఒకటే గోల, పైకి అందట్లేదు, ఊపిరి చాలట్లేదు అని. నాకూ అలగే చెప్పారు, పొద్దున్నే అయ్యకోనేరు గట్టు చుట్టూ పరిగెత్తమ్మా, కుంభకం పట్టు (ఊపిరి బిగబట్టు), ఊపిరితిత్తులు బలపడితే గొంతు అదే పైకెళ్తుంది అని. మూడు నెల్లు ఒక్కరోజు మానకుండా చేశాను. ఏటైందంటే, చరణం మధ్యలో ఊపిరి తెగడం తగ్గింది, ఆయాసం పోయింది, కానీ గొంతు తారస్థాయి గాంధారం, అంటే పై ‘గ’ దగ్గర ఎక్కడ ఆగేదో అక్కడే ఆగింది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ చెప్పిన ఊరు కాబట్టి వయొలిన్‌తోనే చెప్తా. తీగ మీద లాగే కమాను పొడుగుంటే ఒక స్వరాన్ని ఎక్కువసేపు లాగొచ్చు, అంతే, స్వరం పైకెళ్లాలంటే తీగ మీద వేలు జరగాల్సిందే. మనకి కమాను ఊపిరి, తీగ గొంతులో ఉన్న స్వరతంత్రులు. అవి సాగి పల్చబడి బిగుసుకుంటే సెకనుకి ఎక్కువసార్లు కదుల్తాయి, పై షడ్జానికైతే (పై ‘స’కి) కింద షడ్జానికి సరిగ్గా రెట్టింపు. ఊపిరితిత్తుల సైజే లెక్కైతే మగవాళ్లే పైకి పాడాలి కదా, వాళ్లు నిండా పీల్చి వదిలే గాలి సుమారు 4 నుంచి 5 లీటర్లు, మన ఆడవాళ్లది అంతకంటే తక్కువ, అయినా మన గొంతే పైకెళ్తుంది, ఎందుకంటే మన తంత్రులు పొట్టివి.

ఇంకోటి, చాలామంది పై స్వరం రాగానే భుజాలు ఎగరేసి గుండెల నిండా గాలి కుక్కుకుంటారు, నేనూ అదే చేశాను. లోపల్నించి గాలి తోసుకొస్తుంటే తంత్రులు దాన్ని ఆపడానికి బిగబట్టుకుంటాయి, స్వరం కీచుమంటుంది. పైకి వెళ్లేకొద్దీ కొంచెం ఒత్తిడి పెరగాలి, నిజమే, కానీ అది పక్కటెముకలు విచ్చుకునే ఉండగా పొట్ట దగ్గర్నుంచి సన్నగా రావాలి. మా గురువుగారు నాకు చెప్పించింది అదే, అకారంలో మాయామాళవగౌళ రాగం, మెల్లగా, ఒక్కో స్వరం పైకి, గొంతు పట్టినట్టనిపిస్తే వెంటనే ఆపెయ్యడం. ముందు స్‌స్‌స్ అని గాలి ఒకే ధారగా వదలడం కూడా.

అలాగని రన్నింగ్ దండగ అననండి. హరికథ, జముకుల కథ చెప్పేవాళ్లకి అది కావాలి, ఆడుతూ పాడుతుంటే ఒళ్లే గాలంతా లాగేసుకుంటుంది. 1919లో పెట్టిన మన సంగీత కాలేజీకి మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, గజ్జె కట్టి గంటలు గంటలు కథ చెప్పిన మనిషి, ఆ దమ్ము కూర్చుని పాడే నాలాంటిదానికి అంత అవసరం లేదు.

రోజుకి అరగంటే ఉంటే 20 నిమిషాలు అకారానికే ఇవ్వండి. నాకిప్పుడు పైన మధ్యమం (‘మ’) నిలబడుతోంది, పంచమం (‘ప’) ఇంకా రాలేదు, గట్టు మీద నడక కూడా మానలేదు.