పెరూజాలో ఇటాలియన్ కోర్సు: చదువు బంగారం, మొదటి ఇల్లు నరకం

ఇటలీ వెళ్లి ఇటాలియన్ నేర్చుకుందామనుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది కోర్సు గురించి కాదు, ఇంటి గురించి. మధ్య ఇటలీలోని పెరూజా అనే ఊళ్లో మాకు చదువు చెప్పిన విదేశీయుల విశ్వవిద్యాలయంలో వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. మమ్మల్ని ఏడిపించింది అద్దె గది. డబ్బు పోయింది సరే, అసలు నేర్చుకోవాల్సిన మొదటి వారాలన్నీ గొడవలకే సరిపోయాయి. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

నేను, మా పిన్ని కూతురు కలిసి అక్టోబరు నుంచి జనవరి ఆఖరు వరకు ఉండేలా వెళ్లాం. తనకు ఆ తర్వాత ఇటలీలోనే మాస్టర్స్ చేయాలని ఉంది. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లు చాలామంది ఇంగ్లిష్‌లో చెప్పే కోర్సుల్లో చేరి, అక్కడి ప్రాంతీయ స్కాలర్‌షిప్ మీద నెట్టుకొస్తారు. క్లాసు వరకు ఇంగ్లిష్ చాలు. స్టూడెంట్ పర్మిట్ (చదువు కోసం అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) మీద వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు గానీ, చిన్న హోటల్లో గిన్నెలు కడిగే పనికి కూడా ముందు వాళ్ల మాట అర్థం కావాలి. అందుకే తను భాష ముందు, డిగ్రీ తర్వాత అని పట్టుబట్టింది. మంచి నిర్ణయమని నేను ఇప్పటికీ అంటాను.

రోమ్ నుంచి ఫోలిన్యోలో రైలు మారి పెరూజా చేరాం. ప్రయాణం హాయిగా సాగింది. రైల్వే స్టేషన్ కింద ఉంటుంది, పాత ఊరు కొండ మీద. మినీమెట్రో అనే చిన్న పెట్టె లాంటి రైలు డ్రైవర్ లేకుండా పైకి తీసుకెళ్తుంది, మేం వెళ్లినప్పుడు టికెట్ 1.50 యూరోలు.

ఇక ఆ గది సంగతి. ఇంటావిడ ఒక్కొక్కరికి నెలకు 300 యూరోలు అంది. రెండు నెలల అద్దె డిపాజిట్, అదీ నగదుగా, మొదటి రోజే. ఇద్దరికీ కలిపి 1,200 డిపాజిట్, 600 అద్దె, మొత్తం 1,800 యూరోలు చేతిలో పెట్టాం. రసీదు అడిగితే "రేపు" అంది. కాంట్రాక్టు అడిగితే "వచ్చే వారం" అంది. ఇటలీలో ఇంటి అద్దె కాంట్రాక్టును 30 రోజుల్లోగా పన్నుల ఆఫీసులో నమోదు చేయించాలి. పైగా మనలాంటి బయటి దేశాలవాళ్లను ఇంట్లో పెట్టుకుంటే 48 గంటల్లోగా పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆవిడ రెండూ చేయలేదు. అద్దె మీద పన్ను కట్టడం ఆవిడకు ఇష్టం లేదు, అంతే. దానికి బలయ్యేది మనం, ఎందుకంటే పర్మిట్ పని మీద వేలిముద్రలకు వెళ్లినప్పుడు ఎక్కడ ఉంటున్నారో చూపించే కాగితం అడుగుతారు. మమ్మల్ని అడిగారు కూడా.

పర్మిట్ లెక్క చెప్తాను, ఇది అందరికీ పనికొస్తుంది. దిగిన ఎనిమిది పనిదినాల్లోపు అప్లై చేయాలి. పోస్టాఫీసులో పసుపు గీత ఉన్న కవరు ఉచితంగా ఇస్తారు. ఫారాలు నింపి అక్కడే ఇవ్వాలి. ఖర్చు: రెవెన్యూ స్టాంపు 16 యూరోలు, పోస్టాఫీసుకు 30, కార్డుకు 30.46, ఏడాది లోపు పర్మిట్ అయితే ఫీజు 40. మొత్తం 116.46. స్టాంపు పోస్టాఫీసులో కాదు, ఇంగ్లిష్ T అక్షరం బోర్డున్న సిగరెట్ల దుకాణంలో దొరుకుతుంది. కౌంటర్లో ఉన్నాయన మా ఫారాలను విసుక్కోకుండా ఒక్కో పేజీ తిప్పి చూసి, సంతకం మర్చిపోయిన చోటు వేలితో చూపించాడు.

నవంబరు వచ్చేసరికి చలి మొదలైంది. ఇంట్లో హీటర్ల తాళం ఇంటావిడ దగ్గరే. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా మాత్రమే వేసేది. పెరూజా లాంటి ఊళ్లలో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు రోజుకు 14 గంటల దాకా వేసుకోవచ్చని చట్టం. రాతి గోడల ఇల్లు, గోడ మీద చెయ్యి పెడితే తడిగా తగిలేది. మా చెల్లెలు స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని దుప్పట్లో కూర్చుని హోంవర్క్ చేసేది. రెండు రోజులు సరిగ్గా తినలేదు, ఫోన్లో పిన్నితో మాట్లాడితే ఏడుపు వస్తుందని మాట్లాడటమే మానేసింది. ఒక రాత్రి "అక్కా, తిరిగి వెళ్లిపోదాం" అంది. అది విన్నాక నేనిక ఊరుకోలేకపోయాను.

మర్నాడు క్లాసులో టీచరుకు వచ్చీరాని ఇటాలియన్‌లో అంతా చెప్పాం. ఆవిడ ఆ రోజు పాఠం పక్కన పెట్టి, క్లాసంతా కలిసి ఇంటావిడకు ఉత్తరం రాసేలా చేసింది. డిపాజిట్ ఎంత, ఎప్పుడు ఇచ్చాం, కాంట్రాక్టు ఎందుకు కావాలి, ఏ తేదీలోగా ఇవ్వాలి, ఒక్కో వాక్యం బోర్డు మీద రాస్తూ దిద్దింది. దాన్ని చేరినట్టు రసీదు వచ్చే రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అద్దెదారుల సంఘానికి కూడా వెళ్తున్నామని అందులోనే రాశాం. వారం తిరక్కుండా ఇంటావిడ గొంతు మారింది. 1,200లో 800 చేతికొచ్చాయి. మిగతా 400 "కరెంటు, శుభ్రం" పేరు చెప్పి ఉంచేసుకుంది. అది దోపిడీయే, ఇంకో మాట లేదు.

ఇక మాకు చదువు చెప్పిన విదేశీయుల విశ్వవిద్యాలయం సంగతి. 1925 నుంచి ఉన్న సంస్థ. పాత బంగళా పలాజో గాలెంగాలో క్లాసులు, ఎదురుగా రోమన్లకు ముందు అక్కడున్న ఎట్రుస్కన్ జాతి కట్టిన, రెండు వేల ఏళ్లు దాటిన ద్వారం. ముందుగా చెప్పిన ఫీజు మీద ఒక్క యూరో అదనంగా అడగలేదు. మొదటి రోజు నుంచి ఇటాలియన్ తప్ప ఇంకో భాష వినపడదు. ఇటలీ కాలేజీల్లో చేరబోయే చైనా పిల్లలు చాలామంది, కేరళ నుంచి వచ్చిన చర్చి సిస్టర్లు, బ్రెజిల్ వాళ్లు, ఇలా మా క్లాసు. నెలల పేర్లు నేర్పడానికి టీచరు మమ్మల్ని ఊరి మధ్యలో ఉన్న ఫోంతానా మజ్జోరె దగ్గరికి తీసుకెళ్లింది. 1270ల్లో నికోలా పిసానో, ఆయన కొడుకు జొవాన్ని చెక్కిన ఫౌంటెన్ అది. కింది తొట్టి చుట్టూ రాతి పలకల మీద ఏ నెలలో ఏ పని చేస్తారో ఉంటుంది. ద్రాక్ష పలక ముందు నిలబడి సెప్టెంబరు అని చెప్పాక ఆ మాట మళ్లీ మర్చిపోలేదు. ఒత్తక్షరాలు పలకడంలో మనకు ఇబ్బందే లేదు. పక్కన బ్రెజిల్ అమ్మాయి నొన్నో (తాత) అనడానికి తంటాలు పడుతుంటే మాకు అదేమీ కష్టం అనిపించలేదు.

గది ఖాళీ చేశాక యూనివర్సిటీ నోటీసు బోర్డు చూసి ఒక కుటుంబం దగ్గర చేరాం. రిటైరైన నర్సు, డెబ్బై దాటిన ఆవిడ. ఒక్కొక్కరికి 520 యూరోలు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి. కాంట్రాక్టు కాగితం మేం అడక్కముందే బల్ల మీద పెట్టింది. పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం మర్నాడే ఇచ్చి వచ్చింది. లెక్క వేస్తే పాత గదిలో 300 అద్దె, తిండికి దాదాపు 180, పైన కరెంటు. తేడా చాలా తక్కువ. కానీ రోజూ రాత్రి గంటన్నర పాటు ఒక్క ఇంగ్లిష్ మాట రాని మనిషితో మాట్లాడటం ఏ ఫీజు కట్టినా దొరకదు.

మొదటి రాత్రి ఆవిడ తోర్తా అల్ తెస్తో చేసింది. బాగా వేడెక్కిన మందపాటి పెనం మీద కాల్చిన రొట్టె, మధ్యలో చీల్చి, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి వేయించిన ఆకుకూర పెట్టింది. మాంసం ఊసు లేదు, కారం ఉంది. మా చెల్లెలు మూడు ముక్కలు తిని ఇంకా ఉందా అని ఇటాలియన్‌లోనే అడిగింది. ఇంకో రాత్రి కాస్తెల్లూచ్చో అనే ఊళ్లో పండే చిన్న మసూరు పప్పుతో సూప్. మామూలు రొట్టె మాత్రం నాకు నచ్చలేదు, పెరూజా ఉన్న ఉంబ్రియా ప్రాంతంలో దాన్లో ఉప్పు వేయరు. 1540లో పోప్ ఉప్పు పన్ను మీద ఊరు తిరగబడింది, ఉప్పులేని రొట్టె అప్పటిదేనని పెరూజాలో చెబుతారు. భోజనం అయ్యాక ఆవిడా మా చెల్లెలూ బ్రిస్కొలా అనే పేకాట. గెలిస్తే మా చెల్లెలు గంతులేసేది, అంకెలన్నీ ఆ ఆటలోనే వచ్చేశాయి. పిన్నికి మళ్లీ రోజూ ఫోన్లు మొదలయ్యాయి.

అసీసీ, ఫ్లోరెన్స్ కూడా చూశాం, బాగున్నాయి. కాఫీ నిలబడి తాగండి. మేం వెళ్లే చోట కపుచ్చీనో 1.40, కూర్చుంటే రెట్టింపు.

వెళ్లేవాళ్లు ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు నాలుగు విషయాలు అక్కడికక్కడే అడగండి: కాంట్రాక్టు నమోదు చేస్తారా, పోలీసులకు కాగితం ఇస్తారా, హీటర్ ఎవరి చేతిలో ఉంటుంది, డిపాజిట్ బ్యాంకు ద్వారా తీసుకుంటారా. ఒక్కదానికి "తర్వాత చూద్దాం" అన్నా వెనక్కి తిరగండి. కింద స్టేషన్ వైపు గదులు చవకగా ఉంటాయి కానీ, మినీమెట్రో రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఆగిపోతుంది. జూలైలో ఉంబ్రియా జాజ్ ఉత్సవం ఉంటుంది, ఆ నెల కోర్సుకు వెళ్తే గది ఏప్రిల్‌లోనే ఖాయం చేసుకోండి.