ఏ సిలిండర్ మిస్ అవుతుందో చెప్తుంది, ఎందుకో చెప్పదు: ఓబీడీ అడాప్టర్‌తో నా అనుభవం

వస్తువు చిన్నది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా. ఈఎల్ఎం 327 రకం బ్లూటూత్ అడాప్టర్ అంటారు. ఓబీడీ అంటే బండి తన లోపాలను తానే పసిగట్టి కోడ్‌లుగా రాసిపెట్టుకునే ఏర్పాటు. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కి కలిపితే ఇంజిన్ కంప్యూటర్ దాచిపెట్టుకున్న లోపాల కోడ్‌లన్నీ చదివి చూపిస్తుంది. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరికింది. కొన్ని ఏళ్లుగా నా కారులో, చుట్టాల కార్లలో బాగానే వాడాను కాబట్టి దీని మంచీ చెడ్డా రెండూ రాస్తున్నాను.

నాది బీఎస్-4 కాలుష్య ప్రమాణాల పెట్రోల్ బండి. 1.2 లీటర్ల ఇంజిన్, నాలుగు సిలిండర్లు, ప్రతి ప్లగ్ మీదా దాని నిప్పురవ్వకి కావాల్సిన పెద్ద వోల్టేజీ ఇచ్చే కాయిల్ విడిగా ఒకటి. లక్ష కిలోమీటర్లు దాటింది. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కి, దేవరకొండ అవతల మా ఊరికి, పండగలకి మిర్యాలగూడకి తిరుగుతుంటుంది.

దీన్ని కొన్నది మిస్సింగ్ వల్లే, అంటే ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకుండా తప్పిపోవడం. సాఫ్ రోడ్డు మీద 80లో పోతుంటే ఏ ఇబ్బందీ లేదు. ఐడ్లింగ్‌లో కూడా ఇంజిన్ నిమ్మళంగానే ఉండేది. చెర్వుగట్టు ఘాట్ ఎక్కుతూ మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం పికప్ పోయి, బండి కుదుపులతో గునిసేది. చెక్ ఇంజిన్ లైట్ వెలిగేది. మరీ గట్టిగా తొక్కితే అదే లైట్ మిణుకు మిణుకుమనేది. లైట్ నిలకడగా వెలిగితే షెడ్డు దాకా మెల్లగా పోవచ్చు. మిణుకుమంటే మాత్రం వెంటనే కాలు తీయాలి. కాలని పెట్రోలు సైలెన్సర్ లైనులోకి పోయి, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని దాని అర్థం. కన్వర్టర్ ఒకసారి కరిగిందంటే ప్లగ్గులూ కాయిళ్లూ అన్నీ కలిపినా దాని ఖర్చు ముందు చిల్లరే.

టౌన్‌లో ఒక పెద్ద షెడ్డుకి తీసుకెళ్లాను. వాళ్లు స్కానర్ పెట్టారు. ఏ కోడ్ వచ్చిందో అడిగితే "మిస్సింగ్ సార్" అన్నారు. అది నేను చెప్పి తెచ్చిన మాటే. నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిళ్లు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్, అవసరాన్ని బట్టి ఫ్యూయల్ పంపు అని చీటీ రాసిచ్చారు. ఇరవై వేలు దాటింది. ప్లగ్గులు మాత్రం మార్పించాను. లైట్ చెరిపేసి బండి చేతికిచ్చారు. గట్టు సగం ఎక్కేసరికి మళ్లీ వెలిగింది. ఈ డబ్బా అప్పుడే ఆర్డర్ పెట్టాను.

గుచ్చగానే వచ్చిన కోడ్ పీ0302. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మిస్ అవుతున్నది రెండోది. పీ0301 అయితే ఒకటోది, అలా పీ0304 దాకా. పీ0300 వస్తే లోపం ఒక సిలిండర్‌కి కట్టుబడి లేదని, ఒకటికి మించి మిస్ అవుతున్నాయని. చాలా బండ్లలో గేర్‌బాక్స్‌కి అవతలి వైపు నుంచి సిలిండర్లను లెక్కపెడతారు. బోనెట్ ఎత్తే ముందు ఇది చూసుకోకపోతే మంచి కాయిల్ ఊడదీసి కూర్చుంటాం.

ఈ కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే ఈ డబ్బా నుంచి ఎంత ఆశించాలో అర్థమవుతుంది. ప్లగ్‌లో నిప్పురవ్వ పడిందా లేదా అని కంప్యూటర్ నేరుగా చూడదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల తోపుతో తిరిగే ఇరుసు) అర చుట్టు తిరిగేసరికి ఒక సిలిండర్ పేలాలి, క్రాంక్ చిన్న తోపు అందుకోవాలి. ఆ తోపు రాకపోతే వేగం కాస్త తగ్గుతుంది. క్రాంక్ సెన్సర్ ఆ తగ్గుదలను పట్టుకుంటుంది, అది ఎవరి వంతో కంప్యూటర్ లెక్క కట్టి కోడ్ రాస్తుంది. గుంతల రోడ్డు మీద చక్రాలు ఎగిరినా క్రాంక్ వేగం ఇలాగే అటూఇటూ అవుతుంది కాబట్టి, చాలా బండ్లు చక్రాల వేగం చూసే ఏబీఎస్ (బ్రేకుల) సెన్సర్ల సాయంతో గుంతల్ని గుర్తుపట్టి ఆ కాసేపు లెక్క ఆపేస్తాయి. మా ఊరి రోడ్డుకి ఈ ఏర్పాటు లేకపోతే లైట్ ఆరేదే కాదు. మొత్తానికి రెండో సిలిండర్ నుంచి తోపు రాలేదన్నంత వరకే కంప్యూటర్‌కి తెలుసు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా అన్నది దానికే తెలియనప్పుడు ఈ డబ్బా ఎక్కణ్నుంచి చెప్తుంది?

కోడ్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది ఫ్రీజ్ ఫ్రేమ్. లోపం పట్టుకున్న క్షణంలో ఇంజిన్ పరిస్థితి ఎలా ఉందో కంప్యూటర్ దాచుకుంటుంది. ఉచిత యాప్‌లో కూడా ఇది కనిపిస్తుంది. నాకు కూలెంట్ 91 డిగ్రీలు, 1,900 ఆర్‌పీఎం, లోడ్ 84 శాతం చూపించింది. అంటే ఇంజిన్ వేడెక్కాక, తక్కువ స్పీడులో, బరువు లాగుతున్నప్పుడు. లోడ్ మీద సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ప్లగ్ కొనల మధ్య రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఎక్కడైనా ఇన్సులేషన్ బలహీనంగా ఉంటే కరెంటు ప్లగ్ కొనదాకా పోకుండా దగ్గరి దారిలో ఇంజిన్ హెడ్‌కి దూకేస్తుంది. ఐడ్లింగ్‌లో బాగుండి ఎత్తు ఎక్కేటప్పుడు కొట్టుకుందంటే నా మొదటి అనుమానం కాయిల్, ప్లగ్గుల మీదే.

ఫోన్ స్క్రీన్ తీసుకెళ్లి మా వీధి చివర చిన్న షెడ్డు నడిపే భాయ్‌కి చూపించాను.

"కాయిలేమో అనిపిస్తుంది భాయ్."

"అనుకునుడెందుకన్నా? రెండోది తీసి మూడోదాంట్ల పెడదాం. కోడ్ దాని ఎంబడి పోతే అదే దొంగ."

ఇంజిన్ చల్లారాక 10 నంబర్ బోల్టు విప్పి, కనెక్టర్ లాక్ నొక్కి, కాయిల్‌ని కాస్త తిప్పుతూ పైకి లాగాడు. కాయిల్ కింద ప్లగ్‌ని కప్పే రబ్బరు తొడుగు, అదే బూటు, కిందివైపు మెత్తబడి, ఉబ్బి, నల్లటి ఆయిల్‌తో తడిసి ఉంది. సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూస్తే ప్లగ్ గొయ్యి అడుగున ఇంజిన్ ఆయిల్ మెరుస్తోంది. భాయ్ దాన్ని బట్టతో తుడిచి, కాయిళ్లు రెండూ తారుమారు చేశాడు. కోడ్ చెరిపి మళ్లీ గట్టు ఎక్కాం. ఈసారి పీ0303. దొంగ దొరికాడు.

అసలు విషయం అప్పటికీ తేలలేదు. ఆయిల్ అక్కడికి ఎలా వచ్చింది? ఇంజిన్ పైభాగాన్ని మూసే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, దాంతోపాటు ప్లగ్ గొట్టాల చుట్టూ ఉండే రబ్బరు రింగులు ఎండి గట్టిపడ్డాయి. వాటి సందులోంచి కారిన ఆయిల్ గోతిలో నిలిచి బూటును తినేసింది. రెండో సిలిండర్ ప్లగ్ విప్పితే, అంతకుముందే మార్పించిన ఆ కొత్త ప్లగ్ పింగాణీ మీద పైనుంచి కిందికి సన్నటి నల్ల గీత. కరెంటు దూకిన దారి అది. ఒకసారి ఆ గీత పడితే తుడిచినా పోదు, ఆ ప్లగ్‌తో కొత్త కాయిల్ పెట్టినా కొన్నాళ్లకి మిస్సింగ్ మళ్లీ రావచ్చు, పైగా కొత్త బూటు కూడా చెడొచ్చు. షెడ్డు చీటీలో నాలుగు కాయిళ్లున్నాయి గానీ ఈ ప్యాకింగ్ లేదు. ఆ ఇరవై వేలు కట్టినా కొన్నాళ్లకి మళ్లీ అదే షెడ్డుకి పోయేవాణ్ని.

ఒక కాయిల్ సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి తెప్పించాం. ప్యాకింగ్, రింగులు, ఒక ప్లగ్ ఇక్కడే దొరికాయి. కూలీతో కలిపి నాలుగు వేలు దాటలేదు. ప్లగ్ తీసే ముందు భాయ్ గోతిలో గాలి కొట్టించాడు, లేకపోతే ఇసుక సిలిండర్‌లోకి జారుతుంది. కొత్త ప్లగ్ గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో చూసి, మొదట పానా లేకుండా చేత్తోనే మర పట్టించి, తర్వాత బిగించాడు. హెడ్ అల్యూమినియంది. మర చెడితే కథ వేరే.

తర్వాత ఒక వానాకాలం ఇంకో రకం మిస్సింగ్ వచ్చింది. ఈసారి గట్టు మీద ఏమీ లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణికేది. పీ0300తో పాటు పీ0171 వచ్చింది, పెట్రోలుకి తగ్గదానికంటే గాలి ఎక్కువగా ఉందని. ఇలాంటప్పుడు లైవ్ డేటాలో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. కంప్యూటర్ లెక్కకి మించి ఎంత పెట్రోలు కలపాల్సి వస్తుందో శాతంలో చూపిస్తుంది. పది లోపు అటూఇటూ ఉంటే మామూలే. నాకు ఐడ్లింగ్‌లో 24 దాకా ఉంది, 2,500 ఆర్‌పీఎంకి రేసు చేస్తే ఆరుకి దిగింది. లెక్కలోకి రాని గాలి ఎక్కణ్నుంచో లోపలికి పోతే ఇలా ఉంటుంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగే గాలి కొద్దే కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్దగా తెలుస్తుంది, రేసు పెంచితే అసలు గాలి ముందు అది తేలిపోతుంది. వెతికితే ట్యాపెట్ కవర్ నుంచి, సిలిండర్లకి గాలి పంచే మానిఫోల్డ్‌కి పోయే రబ్బరు పైపు అడుగు వైపు ఎలుక కొరికి ఉంది. ఊళ్లో వరి కల్లం పక్కన బండి పెట్టిన పుణ్యం. పైపు ముక్క మారిస్తే పోయింది. కోడ్ ఒక్కటే చూసి ఉంటే మళ్లీ ప్లగ్గుల దగ్గరే మొదలుపెట్టేవాళ్లం.

అడాప్టర్ చేతులెత్తేసిన సందర్భం కూడా ఉంది. మిర్యాలగూడలో మా బావమరిది సీఎన్‌జీ బండి టాక్సీగా తిప్పుతాడు. పీ0303 వచ్చింది. కాయిల్ మార్చి చూశాం, ప్లగ్ మార్చి చూశాం, కోడ్ మూడో సిలిండర్‌ని వదల్లేదు. గ్యాస్ మీదా పెట్రోలు మీదా ఒకటే తీరు. రెండింటికీ ఇంజెక్టర్లు వేరు కాబట్టి అవి కూడా కావని తేలింది. చివరికి సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెడితే మిగతావి 170 పీఎస్‌ఐ పైన ఉంటే మూడోది 110 దగ్గర ఆగింది. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినా పెరగలేదు. పెరిగి ఉంటే పిస్టన్ రింగులు. పెరగలేదంటే అనుమానం వాల్వ్ మీదికి, హెడ్ గ్యాస్కెట్ మీదికి పోతుంది. హెడ్ దించితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటింగ్ పోయి ఉంది. దీనికి ఫోన్ యాప్ ఎంత చూసినా లాభం లేదు, గేజ్ ఉన్న మెకానిక్ కావాల్సిందే. అయినా వాడు "నీ డబ్బాకు తెల్వదా బావా" అని ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు.

ఈ మధ్య ఏ మిస్సింగ్‌కైనా తప్పు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మీద వేయడం అలవాటైంది. దాని మీద మిగతా వాదనలు ఎలా ఉన్నా, కోడ్ ఒకే సిలిండర్‌ని పట్టుకుని ఉంటే నేను ఒప్పుకోను. నాలుగు సిలిండర్లకీ పోయేది ఒకే ట్యాంకులో పెట్రోలు కదా.

ఇక చికాకులు. బ్లూటూత్ అప్పుడప్పుడు తెగిపోతుంది, సాధారణంగా మనం చూడాల్సిన చోటే. ఐఫోన్‌కి మామూలు బ్లూటూత్ రకం కలవదు, వైఫై రకం గానీ బ్లూటూత్ ఎల్‌ఈ రకం గానీ తీసుకోవాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు నా అడాప్టర్, యాప్ జోడీకి దొరకలేదు. సాకెట్‌లోని 16వ పిన్ను నేరుగా బ్యాటరీది, తాళం తీసినా కరెంటు వస్తూనే ఉంటుంది. బండి కొన్ని రోజులు కదలకుండా ఉండేట్టయితే అడాప్టర్ ఊడదీసి డ్యాష్‌బోర్డు అరలో వేయాలి. క్లచ్ తొక్కేటప్పుడు మోకాలికి కూడా తగులుతుంది, కాబట్టి నేనైతే ఎప్పుడూ గుచ్చి ఉంచను.

యాప్‌లో కోడ్ చెరిపే బటన్ ఎర్రగా పెద్దగా పెట్టారు. అది నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్, చాలా బండ్లలో నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్ కూడా పోతాయి. స్క్రీన్‌షాట్ తీయకుండా దాన్ని ముట్టుకోవద్దు. షెడ్డుకి ఇచ్చేటప్పుడు కూడా ముందు మీ ఫోన్‌లో దాచుకోండి.

ఈ ఏళ్లలో నేను ఎక్కువగా వాడింది మోడ్ 06 అనే పేజీ. అన్ని బండ్లూ ఇవ్వవు, నాది ఇస్తుంది. లైట్ వెలగకముందే ఒక్కో సిలిండర్ ఎన్నిసార్లు మిస్ అయిందో, గత పది డ్రైవింగ్ సైకిళ్ల (స్టార్ట్ చేసి నడిపి ఆపేదాకా ఒక సైకిల్) సగటుతో సహా చూపిస్తుంది. హైదరాబాద్ పోయే ముందు ఒకసారి తెరుస్తాను. నాలుగూ సున్నా దగ్గర ఉంటే టెన్షన్ లేదు. నాలుగోది కొంచెం పెరుగుతూ కనిపించినప్పుడు ప్లగ్ విప్పిస్తే కొన అరిగి గ్యాప్ పెరిగి ఉంది. ప్లగ్గుల సెట్టు మార్చడంతోనే ఆ పని అయిపోయింది, బండి దారిలో ఆగలేదు.

కొనేవాళ్లు మరీ మూడు వందల రకానికి పోవద్దు. అది నా ఫోన్‌తో కలిసింది గానీ ఫ్రీజ్ ఫ్రేమ్ అడిగితే ఖాళీ పేజీ చూపించింది. 2013కి ముందు బండి అయితే, ఇంకొకరి అడాప్టర్ అడిగి మీ సాకెట్‌లో పెట్టి, కలుస్తుందో లేదో చూశాకే డబ్బులు పెట్టండి. డీజిల్ బండికి స్పార్క్ ప్లగ్గూ కాయిలూ ఉండవు కాబట్టి పైన రాసిన తారుమారు పద్ధతి పనిచేయదు. అక్కడ ఇంజెక్టర్ల లీకాఫ్ టెస్టు (ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్ కొలవడం) చేసే షెడ్డుని వెతుక్కోవాలి.