స్టీరింగ్ ప్లే: బండి నేల మీదుంచి చూడాలా, జాకీతో లేపి చూడాలా?

పాత కారులో పవర్ స్టీరింగ్ వదులైతే చాలామంది చేయి నేరుగా స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే గేర్ల పెట్టె) మీది అడ్జస్టింగ్ స్క్రూకే పోతుంది. కాస్త ఆగండి. ముందు ఆ ప్లే, అంటే స్టీరింగ్ తిప్పినా చక్రం కదలని ఆ వదులు, ఎక్కడుందో తేలాలి.

బండి బరువు చక్రాల మీదే ఉంచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజిన్ ఆన్‌లో చూడటం ఒక పద్ధతి. ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, ఇంకొకరు ఒక్కో జాయింట్‌నూ గమనించాలి. స్టీరింగ్ షాఫ్ట్‌ను బాక్స్‌కు కలిపే రబ్బరు కప్లింగ్‌కు పై వైపు కదిలాక కింది వైపు ఆలస్యంగా కదిలితే లోపం అక్కడే. బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ తిరుగుతున్నా, బాక్స్ నుంచి బయటికొచ్చే పిట్‌మన్ ఆర్మ్ కదలకపోతే అరుగుదల బాక్స్‌లో ఉన్నట్టు. ఆర్మ్ కదిలినా చక్రం కదలకపోతే టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే కడ్డీల చివరి కీళ్లు), ఆ కడ్డీలకు అవతలి వైపు ఆసరాగా ఉండే ఐడ్లర్ ఆర్మ్ చూడండి. ఇంజిన్ ఆపేసి చూస్తే మాత్రం మోసపోతాం. పవర్ స్టీరింగ్ వాల్వ్‌లోని టోర్షన్ బార్ అనే సన్నని కడ్డీ మెలిపడటం కూడా చేతికి ప్లేలాగే తగులుతుంది.

రెండోది, ముందు చక్రాన్ని లేపి, స్టాండ్ పెట్టి, టైరును చేత్తో ఊపడం. ఒక్కరే చేసుకోవచ్చు. పక్కలు పట్టుకుని ఊపితే టై రాడ్, పైనా కిందా పట్టుకుని ఊపితే వీల్ బేరింగ్, చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే బాల్ జాయింట్‌లలోని వదులు తెలుస్తుంది. బాక్స్ సంగతి మాత్రం దీంతో సరిగా తెలియదు.

నేనైతే మొదటిదే ముందు చేస్తాను. స్క్రూ జోలికి ఆఖరునే వెళ్లాలి, అదీ చక్రాలు తిన్నగా ఉంచి, కొంచెమే. ఎక్కువ బిగిస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు.