వరి ఆకు, మొక్కజొన్న ఆకు: మండే ఎండలో దేనిది పైచేయి?

మార్చి మధ్యాహ్నం. ఒక పక్క దాళ్వా వరి, గట్టుకు అవతల మొక్కజొన్న. ఎండ ఒకటే, గాలీ ఒకటే. ఆకు లోపల జరిగే పనే వేరు.

వరిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా పట్టుకునేది రుబిస్కో అనే ఎంజైమ్. దీనికో జబ్బుంది: ఒక్కోసారి పొరపాటున ఆక్సిజన్‌ను పట్టేస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాట్లూ పెరుగుతాయి. అప్పటికే పోగేసిన కార్బన్‌లో కొంత మళ్లీ గాలిపాలవుతుంది.

మొక్కజొన్న ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి, ఈనెల వరసలు కనిపిస్తాయి. వాటి చుట్టూ కణాల తొడుగు ఉంటుంది. రుబిస్కో ఉండేది అక్కడే. బయటి కణాల్లో ఆక్సిజన్ జోలికి పోని మరో ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, నాలుగు కార్బన్ల ఆమ్లంగా లోపలికి చేరవేస్తుంది. అక్కడ ఆ ఆమ్లం నుంచి విడుదలైన కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉంటుంది కాబట్టి రుబిస్కో తప్పటడుగు వేయడం అరుదు. పత్రరంధ్రాలు కాస్త మూసుకున్నా పని సాగుతుంది, నీళ్లూ ఆదా.

ఇదేం ఉచితం కాదండోయ్. ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకు వరికి 3 ఏటీపీలు (కణం ఖర్చుపెట్టే శక్తి అణువులు) పడితే, మొక్కజొన్నకు 5. ఎండ దండిగా ఉంటే ఆ ఖర్చు తెలియదు. చలి ముదిరితే మాత్రం మొక్కజొన్న డీలా పడుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఎక్కువ లాభం వరికే.

నీళ్లు తక్కువున్న వేసవి పొలానికి నా ఓటు మొక్కజొన్నకే. నీరు నిలిచే మడిలో మాత్రం వద్దు. వేళ్లకు గాలాడక ఆకులు పసుపెక్కుతాయి.